ముందుగా మేం ఏమీ కొనలేదు

బిడ్డ పుట్టకముందు బిడ్డ కోసమని ఇంట్లోకి ఏ వస్తువూ రాకూడదు. మా వైపు ఇది ఎక్కడా రాసిపెట్టిన చట్టం కాదు గానీ, చట్టం కంటే గట్టిది. ఉయ్యాల తేకూడదు, తలకు పెట్టే కుళ్లాయి తేకూడదు, పౌడరు డబ్బా తేకూడదు, చివరికి పేరు కూడా అనుకోకూడదు. తెస్తే ఏమవుతుందని అడిగితే ఎవరూ చెప్పరు. గొంతు తగ్గించి "ఆ మాట అనగూడదు" అంటారు, అడిగిన పాపానికే ఏదో జరిగిపోయేటట్టు మన ముఖంలోకి చూస్తారు. నేను కూడా చాలా ఏళ్లు అలా చూసినదాన్నే. ఇప్పుడు ఎవరన్నా నా ముందు ఆ మాట ఎత్తితే నాకు ఒళ్లు మండిపోతుంది.

రెండున్నరేళ్ల కిందట మా అమ్మాయి తొలికాన్పుకు జమ్మలమడుగులోని మా ఇంటికి వచ్చింది. నాకు ఒక్కతే కూతురు. అల్లుడికి పులివెందులలో ఉద్యోగం, వాళ్ల అమ్మానాన్నలది తొండూరు దగ్గర పల్లె. వాళ్లు తాతల కాలం నుంచి గొర్రెలు మేపుకునేవాళ్లు, ఇప్పుడు శనగ కూడా వేస్తున్నారు. పిల్లను చూసిపోదామని మా వియ్యపురాలు వచ్చిన రోజే, ఎనిమిదో నెల నిండకుండానే, నొప్పులు మొదలయ్యాయి. అందరం ఆటోలో ప్రొద్దుటూరు ఆస్పత్రికి పరుగెత్తాం.

మధ్యాహ్నానికి మగబిడ్డ పుట్టాడు. నర్సమ్మ తలుపు తీసి, "బిడ్డ బట్టలు, కుళ్లాయి ఇయ్యండి" అని చెయ్యి చాపింది. నేనూ మా వియ్యపురాలూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. మా దగ్గర ఫ్లాస్కు ఉంది, పండ్లున్నాయి, కుంకుమ పొట్లం ఉంది, పిల్ల చీరలున్నాయి. బిడ్డకు మాత్రం గుడ్డపీలిక లేదు.

"మీరంతా ఆడోళ్లే గదా! ఇన్ని నెల్లు ఏం చేస్తాండారు?" అంది నర్సమ్మ.

నేను నా చీర కొంగు చింపబోయాను. ఆమె దాన్ని వేళ్లతో నలిపి చూసి, "ఇది పనికిరాదు. నూలుది కావల్ల, మెత్తది" అని వదిలేసింది. వరండాలో పక్కనే వేసిన మంచం మీద కాన్పుకు వచ్చిన ఒక ముస్లిం అమ్మాయి ఇదంతా వింటోంది. ఆమె భర్త కువైట్‌లో ఉన్నాడట. తల్లి చేత తన సంచి తెప్పించుకుని, అందులో నుంచి ఒక కుళ్లాయి, రెండు నూలు గుడ్డలు తీసి నా చేతిలో పెట్టింది. "తిరిగి ఇయ్యాల్సిన పని లేదక్కా" అంది. ఆమెకు ఇంకా కాన్పు కానే లేదు. అన్నీ ఉతికి, మడిచి, సిద్ధంగా పెట్టుకుని వచ్చింది. ఆమెకు లేని భయం మాకే ఎందుకు వచ్చిందో ఆ దేవుడికే తెలియాలి.

బిడ్డ మరునాడు పోయాడు. ఊపిరితిత్తులు ఇంకా తయారు కాలేదని డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. మా చేతిలో కుళ్లాయి ఉండుంటే బతికేవాడని నేను అనను, అంత తెలివితక్కువదాన్ని కాదు. కానీ ఒక్క రోజు మా మధ్య ఉన్న బిడ్డకు సొంతవాళ్లం ఒక్క గుడ్డ ఇవ్వలేకపోయాం. ముక్కూముఖం తెలియని అమ్మాయి ఇచ్చిన కుళ్లాయితోనే వెళ్లిపోయాడు. ఇది తలచుకున్నప్పుడల్లా నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

పలకరించడానికి వచ్చిన ఆడవాళ్లు చాప మీద కూర్చోగానే అడిగిన మొదటి మాట ఏమిటో తెలుసా? "ముందే ఏమన్నా కొన్నారా?" లేదమ్మా అంటే, "ఏమీ కొనల్యా? బాగా గుర్తు చేసుకో" అన్నారు, పోలీసులు దొంగను అడిగినట్టు. ఏమీ కొనలేదని నమ్మకం కుదిరాక ఇంకో తప్పు వెతకడం మొదలుపెట్టారు. గ్రహణం రోజు బయటికి వచ్చిందా, పొద్దుగూకినాక తల దువ్వుకుందా అని. వాళ్లు చెప్పినవన్నీ మేం చేసినా, వద్దన్నవన్నీ మానుకున్నా బిడ్డ పోయాడే, మరి ఈ కట్టుబాటు ఎవరిని కాపాడినట్టు అని ఒక్కరికీ తోచలేదు. వాళ్ల కాఫీ గ్లాసులు కడుగుతూ నేను లోపల లోపల ఉడికిపోయాను గానీ, పైకి ఒక్క మాట అనలేదు. పైగా అవి ఇంట్లో ఉంటే కీడని వాళ్లు చెప్పారని, బిడ్డ గుడ్డలకు పనికొచ్చే మా పాత నూలుచీరలన్నీ, పాతబట్టలకు సామాన్లు ఇచ్చే ఆమెకు వేసి ఒక స్టీలు బేసిను తీసుకున్నాను. అంత తెలివి నాది.

ఏడాది దాటాక మా అమ్మాయి మళ్లీ నెల తప్పింది. ఈసారి ఏడో నెలలోనే డాక్టరమ్మ చీటీ వెనక వైపు ఒక జాబితా రాసి నా చేతికిచ్చింది. కుళ్లాయిలు రెండు, ముందు వైపు ముడివేసే నూలు జుబ్బాలు ఆరు, మెత్తని పాత గుడ్డలు ఎన్ని ఉంటే అన్ని, కప్పడానికి మందంగా ఏదైనా ఒకటి, తల్లికి ప్యాడ్లు, గిన్నె, చెంచా. "అన్నీ సంచిలో సర్ది తలుపు పక్కన పెట్టుకోండి. పోయినసారి లాగా రావద్దు" అంది. ఆ చివరి మాట నాకు చెంపదెబ్బలాగే తగిలింది. మంచిదే, తగలాల్సిందే.

ప్రొద్దుటూరులో చీరకో, బంగారానికో తిరిగితే పిలిచి కూర్చోబెట్టి టీ ఇస్తారు. పసిబిడ్డ కుళ్లాయికి పోయి చూడండి. కొట్టాయన నవ్వుతూ, "ఎన్ని దినాల బిడ్డక్కా?" అన్నాడు. ఇంకా పుట్టలేదన్నాను. కౌంటరు మీద పరిచిన కుళ్లాయిలను నెమ్మదిగా తన వైపు లాక్కున్నాడు.

"పుట్టినాక రాండక్కా. మేం యాడికి పోతాం, ఈడే ఉంటాం గదా."

"పుట్టినాక ఎవురొస్తారప్పా? బాలింత వస్తాదా, బిడ్డ వస్తాదా?" అని గట్టిగానే అడిగాను. కొట్లో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. అమ్ముకునేవాడికి కూడా ఈ భయమేనా! సరుకు అమ్మను పొమ్మన్న వ్యాపారిని నేను ప్రొద్దుటూరులో ఆ రోజే చూశాను. చివరికి ఇచ్చాడు గానీ, పాడు వస్తువును పట్టుకున్నట్టు రెండు వేళ్లతో సంచిలో వేశాడు.

పాత నూలు గుడ్డల సంగతి ఇంకా అన్యాయం. మా వీధిలో పది ఇళ్లు తిరిగాను. ఎవరి బీరువా తీసినా జారిపోయే చీరలే, తడి పీల్చని నైటీలే. జమ్మలమడుగు చుట్టుపక్కల మగ్గాల చప్పుడు విని పెరిగినదాన్ని, ఒక మెత్తని నూలు గుడ్డ కోసం బిచ్చమెత్తినట్టు తిరగాల్సి వచ్చింది. ఒకామె దగ్గర ఉందని తెలుసు. పుట్టకముందు ఇస్తే తనకు దోషమని లేదనేసింది. ఇంక లాభం లేదని ముద్దనూరులో ఉన్న మా నాయన దగ్గరికి బస్సెక్కాను. ఆయనకు ఎనభై దాటాయి, పుట్టినప్పటి నుంచి పంచె తప్ప వేరేది కట్టలేదు.

విషయం విని ఆయన ట్రంకు పెట్టె తెరిచాడు. "నాలుగు దీసుకో. శానాసార్లు ఉతికినవి, బిడ్డకు గుచ్చుకోవు" అన్నాడు.

"పుట్టకముందు ఇయ్యగూడదంటాండారు నాయనా."

"ఎవురు? గొర్రె ఈనకముందు మనం దొడ్డి ఊడ్సమా? గొర్రెకు పనికొచ్చింది మనిషికి పనికిరాదా?" అని విసుక్కున్నాడు. ఆయన తిట్టినా నాకు సంతోషంగానే ఉంది. ఇన్ని రోజులకు ఒక మనిషి మాట్లాడవలసినట్టు మాట్లాడాడు.

మా వీధి చివర బట్టలు కుట్టే భాయి రెండు పంచెలు చించి ఆరు జుబ్బాలు కుట్టాడు. లోపలి కుట్లు ఒంటికి తగలకుండా బయటి వైపు పెట్టాడు. బిడ్డ పుట్టిందా, పుట్టబోతోందా అని ఒక్క మాట అడగలేదు. మిగతా రెండు పంచెలను ముక్కలుగా చించి, వేడినీళ్లలో ఉడికించి, ఎండలో ఆరేశాను. మిద్దె మీద ఆరేస్తే పక్కవాళ్లు చూస్తారని మొదట లోపలి వరండాలో దండెం కట్టాను. తరువాత నాకే రోషం వచ్చింది. దొంగసొత్తా ఇది? తీసుకుపోయి మిద్దె మీదే ఆరేశాను.

కానీ మా అమ్మాయి మాత్రం ఆ వైపు చూడలేదు. సంచి తలుపు పక్కన పెడితే గోడవైపు తిరిగి పడుకుంది. "అమ్మా, నీకు దండం పెడతా, దాన్ని నా కంటబడనియ్యద్దు" అంది. చదువుకున్న పిల్ల, కంప్యూటరు ముందు కూర్చుని పని చేసే పిల్ల. దాని మీద నాకు కోపం రాలేదు. దాని బుర్రలో ఆ భయం నాటిన అందరి మీదా వచ్చింది. సంచిని తీసి దేవుడి గదిలో పెట్టాను. దాన్ని పూర్తిగా దాచే ప్రసక్తి మాత్రం లేదని చెప్పాను.

తొమ్మిదో నెల పడ్డాక మా వియ్యపురాలు నువ్వులుండలు, కజ్జికాయలు చేసుకుని బస్సులో వచ్చింది. దేవుడికి దండం పెట్టుకుందామని గదిలోకి వెళ్లిన మనిషి అదే వేగంతో బయటికి వచ్చింది. ముఖంలో నెత్తురు లేదు.

"వదినా, ఏందది?"

"బిడ్డ బట్టలు."

"దాన్ని ఇంట్లోంచి తీసెయ్. ఇప్పుడే తీసెయ్. అది ఉన్నంతసేపు నేను ఈ ఇంట్లో మంచినీళ్లు గూడా తాగను." అని వరండాలో గోడకు ఆనుకుని కూలబడింది.

రెండేళ్లుగా నేను మింగుకున్న కోపమంతా ఆ క్షణం బయటపడింది. బిడ్డ పోయిన రోజు ఈమె కంట ఒక చుక్క రాలేదు. నేను అప్పుడే ఈమెది రాతిగుండె అని తేల్చేసుకున్నాను. ఆ తరువాత ఎప్పుడు ఎదురుపడినా భోజనం పెట్టాను, చీర పెట్టాను గానీ, మనసులో మాట ఒక్కటి కూడా మాట్లాడలేదు.

"పోయినసారి ఏం కొన్నాం వదినా? చెప్పు! కుళ్లాయి కొన్నామా, గుడ్డ కొన్నామా? ఎవురెవురో ఇచ్చింది కప్పితిమి గదా! ఏమీ కొనకపోయినా పాయె గదా బిడ్డ! ఇంకా ఎందుకు ఈ పీడ మనకు?" అని అరిచాను. నా గొంతు వీధిలోకి వినిపించే ఉంటుంది.

ఆమె ఎదురు అరుస్తుందనుకున్నాను. నేల వైపు చూస్తూ, "కొనలేదు. నేను చేసినా" అంది.

నాకు అర్థం కాలేదు.

"గొర్రెపిల్లకు తొలిసారి కత్తిరించిన బొచ్చు తీసి పెట్టుకుంటి. నేనే వడికినా. మా పక్కూర్లో కంబళ్లు నేసే తాతతో చిన్న కంబళి నేయించినా. మూరెడే. ఎవురికీ చెప్పల్యా, మా ఇంటాయనకు గూడా. పుట్టినాక కప్పుదామని సంచి అడుగున పెట్టుకోని వస్తి. ఆ పొద్దు నర్సమ్మ అడిగినప్పుడు అది నా సంచిలోనే ఉండె వదినా. తీస్తే ముందే చేసిపెట్టినానని అందరికీ తెలుస్తాదని తీయల్యా. నా వల్లనే పాయె. చేసింది నేనే, ఇయ్యనిదీ నేనే. ఇంటికి పోయి దాన్ని సేన్లో పూడ్సినా."

ఆ రోజు ఆస్పత్రి వరండాలో ఒకరి ముఖం ఒకరం చూసుకున్నప్పుడు ఆమె కళ్లలో ఉన్నది ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. కన్నీళ్లు రాకపోవడం ఎందుకో తెలిసింది. బిడ్డ చలికి వణుకుతుంటే సంచిలో వెచ్చని కంబళి పెట్టుకుని నోరు తెరవలేకపోయింది బిడ్డకు నాయనమ్మ, ఒక జేజి! ఏ పాపిష్టి నోరు పెట్టిందో గానీ ఈ కట్టుబాటును, ఆ నోరు పడిపోను. నేను గట్టిగానే తిట్టాను. ఎవరిని తిడుతున్నానో ఆమెకు అర్థం కాక తననే అనుకుని తల ఇంకా వంచుకుంది.

"నిన్ను కాదు వదినా" అని ఆమె పక్కన కూర్చున్నాను.

మా అమ్మాయి గడప దగ్గర నిలబడి ఉంది. ఎప్పుడు లేచి వచ్చిందో చూడలేదు. ఒక చెయ్యి కడుపు మీద, ఒక చెయ్యి తలుపు మీద పెట్టుకుని, వాళ్ల అత్త వైపే చూస్తోంది.

"అత్తా, ఇంకోటి నేయించు. ఈసారి నాకు చూపించు" అంది.

మా వియ్యపురాలు తల ఎత్తింది. నా వైపు చూసింది, అనుమతి అడుగుతున్నట్టు. మనవరాలికో మనవడికో ఒక కంబళి నేయించడానికి అనుమతి కావాలా! నేను తల ఊపి, లోపలికి పోయి మంచినీళ్లు తెచ్చి ఇచ్చాను. తాగింది.

మనవరాలు పుట్టి ఇప్పుడు ఏడు నెలలు. మంచి గొంతు దానిది, మా వంశం గొంతే. బోర్లా పడుతోంది, వాళ్ల జేజి నేయించి తెచ్చిన కంబళి అంచుతో సహా దొరికినదల్లా నోట్లో పెట్టుకుంటోంది. చూసినవాళ్లు బాగుందంటారు, ఇంకా కోపమెందుకు, మరిచిపో అంటారు. మరిచిపోవడం నా వల్ల కావడం లేదు. ఆ రెండేళ్లలో మా వియ్యపురాలు మా ఇంటికి ఎన్నోసార్లు వచ్చింది, నా ఎదురుగా కూర్చుని అన్నం తిన్నది, బిడ్డను తానే చంపుకున్నానని అనుకుంటూ చెయ్యి కడుక్కుని వెళ్లింది. నేను ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, "నువ్వెట్లా ఉండావు వదినా" అని అడగలేదు.