మొదటి వీసా ఎవరిది?

రియాద్ మలాజ్ పేటలో మా పక్క ఫ్లాట్ బాబాయి పోయిన మంగళవారం కన్నుమూశారు. తెల్లవారుజామున ఫజర్ నమాజు చేసి, టీ అడిగి, అది వచ్చేలోగా కుర్చీలోనే తల వాల్చేశారు. వాళ్లబ్బాయి మా తలుపు తట్టి, "అన్నా, నాయన పలకడం లేదు" అన్నాడు. గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు. మర్నాడు రియాద్‌లోనే ఖననం చేశారు.

ఆయన నాకు చుట్టం కాదు. ఆయనది కడప జిల్లా, నాది గుంటూరు వైపు. చాలాకాలం కంపెనీ బస్సు నడిపి, పని మానేశాక కొడుకు ఇకామా, అంటే నివాస అనుమతి, మీద ఇక్కడే ఉండిపోయారు. పదకొండేళ్లు ఒకే గోడకు అటూ ఇటూ బతికాం. నేను గల్ఫ్ నుంచి తెలుగు పత్రికలకు వార్తలు పంపేవాణ్ణి కాబట్టి నన్ను "విలేకరి సామీ" అని పిలిచేవారు. ఆ పిలుపులో కొంత వెక్కిరింత ఉండేది.

బస్సు దిగినా డ్రైవరు అలవాట్లు పోలేదు. ఎవరి కారెక్కినా వెనక్కి తిరిగి మనుషుల్ని ఒకసారి చూసుకునేవారు. "అందరూ ఎక్కినారో లేదో చూడకుండా బండి తీయకూడదు" అనేవారు. తన కుటుంబ చరిత్ర రాయడానికి కూర్చున్నదీ అదే పద్ధతిలో.

వంశం రాసేవాళ్లు మామూలుగా తండ్రి పేరు, తాత పేరు అడుగుతారు. ఆయన అడిగేది ఒకటే. "నువ్వు ఎవరి వీసా మీద వచ్చినావు?" శుక్రవారం జుమా నమాజు అయ్యాక మలాజ్‌లో ఒక టీకొట్టు దగ్గర వాళ్ల ఊరివాళ్లు కలుస్తారు. డ్రైవర్లు, ఏసీ మెకానిక్కులు, చిల్లర కొట్లు నడిపేవాళ్లు. ఒకడు బావ పంపాడనేవాడు. ఆ బావను అడిగితే మేనమామ పంపాడనేవాడు. బాబాయి నోటుబుక్కులో గీతలు గీసేవారు. ఏ గీత పట్టుకుని పైకి పోయినా అది తూర్పు వైపున్న హుఫూఫ్‌లో, ఖర్జూరం తోటల నీటి మోటార్లు బాగుచేసిన బాబాయి పెద్దనాయన దగ్గర ఆగేది. ఆయన, ఆయన భార్య బాబాయి వాళ్ల ఊరి నుంచి ఈ దేశం వచ్చిన మొదటి జంట. ఇద్దరూ హుఫూఫ్ మట్టిలోనే కలిశారు. ఇంకా పైన ముత్తాత, మొదటి ప్రపంచ యుద్ధంలో బస్రా వెళ్లొచ్చిన సిపాయి. ఊళ్లో ఇప్పటికీ వీళ్లను సిపాయోళ్లు అనే అంటారు.

"మరి మీ పెద్దనాయనకు వీసా ఎవరు పంపారు?" అని ఒకరోజు అడిగాను.

ఊరందరినీ అడిగిన మనిషికి ఆ ప్రశ్న తట్టలేదు. "పెద్దనాయనే గదా మొదట" అన్నారు. ఆ జవాబు ఆయనకే చాలినట్టు లేదు.

ముందు సిపాయి సంగతి తేలింది. ముత్తాత పతకం వాళ్లింట్లో ఉంది. కంచుది. దాని అంచున సన్నటి ఇంగ్లీషు అక్షరాలున్నాయి. భూతద్దం పెట్టి చదివాను. ఒక నంబరు, పేరు, పేరుకు ముందు హోదా. సిపాయి అని లేదు, కుక్ అని ఉంది. ఆయన ఒప్పుకోక మళ్లీ చదివించారు. వంటింట్లోంచి పిన్ని, "ఎసట్లో బియ్యం ఎప్పుడు పోయాల్నో తెలీదు, వంటోళ్ల వంశమంట" అన్నారు. ఆయన నవ్వలేదు. చాలాసేపటికి నోటుబుక్కు తీసి సిపాయి అన్న మాట కొట్టేసి వంటమనిషి అని రాశారు. "అంతమందికి అన్నం పెట్టినోడు. దాంట్లో సిగ్గేముండాది?" అన్నారు, నా వైపు చూడకుండా.

పోయిన చలికాలం ఇద్దరం రైల్లో హుఫూఫ్ వెళ్లాం. పెద్దనాయన కొడుకుకు అక్కడ కరెంటు సామాన్ల దుకాణం ఉంది. బాబాయికంటే చిన్నవాడు, వరసకు తమ్ముడు. తల్లీతండ్రీ ఇక్కడున్న ఏళ్లలో అతను ఊళ్లో బాబాయి తల్లి దగ్గర పెరిగాడు. ఇద్దరూ ఒక కంచంలో తిన్నవాళ్లు. అతను మాకు భోజనం తెప్పించాడు. తిన్నాక ఇనప్పెట్టె తెరిచి, లోపలి తేదీలు ఎవరూ చదవరనుకున్నాడేమో, తల్లిదండ్రుల పాత పాస్‌పోర్టులు గర్వంగా నా చేతిలో పెట్టాడు. ముద్రల మీది తేదీలు చూసి, చూసినట్టే పైకి చదివాను. తల్లి తండ్రికంటే ఏడాదికి పైగా ముందు వచ్చింది. ఇంటిపని వీసా. తండ్రి వీసా మీద ఉన్నదీ అదే కఫీల్ పేరు, అంటే ఆమెను పనికి పిలిపించుకున్న యజమానిదే. కాగితంలో ఉన్నది చదవడం నా వృత్తి. ఆ గదిలో అది తొందరపాటు.

తమ్ముడు పాస్‌పోర్టులు నా చేతిలోంచి లాక్కున్నాడు. "అన్నా, మా యమ్మ పరాయోళ్లింట్లో పాచిపని చేసిందని పేపర్లో ఏపిచ్చేకి తోడుకోనొచ్చినావా ఈయప్పని?"

"పేపర్లో గాదు, మన బుక్కులో. పెద్దమ్మే మొదట వచ్చినాది. ఆయమ్మ రాకపోతే మనం ఎవరం ఈడ లేము" అన్నారు బాబాయి.

"నా బిడ్డలు చదవాల్సిన సంగతి గాదది. రాస్తే నా గడప తొక్కొద్దు."

అతని కోపానికి కారణం ఉంది. గల్ఫ్‌లో ఇంటిపనికి పోయిన ఆడమనిషి గురించి ఊళ్లలో ఏం మాట్లాడుకుంటారో నేనూ విన్నాను. ఆ మాటలు పడలేక కుటుంబం ఆమె ఒంటరిగా గడిపిన ఏడాదిని దాచేసి, భర్తను ముందు నిలబెట్టింది.

బాబాయి రాయగలిగేవారే, రుజువు ఉంది. రాయలేదు. ఎందుకని అడిగితే, "ఆయమ్మ కొడుకు ఊ అనకుండా రాస్తే, ఆయమ్మ పెట్టె పగలగొట్టినట్టే" అన్నారు. మొదటి పేజీలో పై వరస ఖాళీగా వదిలేశారు. ప్రతి శుక్రవారం తమ్ముడికి ఫోన్ చేసేవారు. అతను ఎత్తేవాడు కాదు. "ఎత్తకపోతే ఏం, నేను చేసినట్టు వాని ఫోన్లో పడతాది గదా" అనేవారు. చివరి శుక్రవారం కూడా చేశారు.

కాగితం దొరికితే వార్త పూర్తయినట్టే అనుకునే వృత్తిలో ముప్పై ఏళ్లున్నాను. దొరికిన తర్వాత కూడా ఒక మనిషి ఒప్పుకోలు కోసం ఆగవచ్చని ఆయన దగ్గర చూశాను.

ఖననానికి తమ్ముడు హుఫూఫ్ నుంచి వచ్చాడు. తిరిగి వెళ్లలేదు. మూడో రోజు పరామర్శకు వచ్చిన ఊరివాళ్లతో హాలు నిండిపోయింది. ఒక పెద్దమనిషి మాట కలపడానికన్నట్టు, "మీ నాయన గదా మనోళ్లలో అందరికంటే ముందొచ్చింది" అన్నాడు.

తమ్ముడు ఆయన వైపు తిరిగాడు.

"కాదు, మా యమ్మ" అన్నాడు. "హుఫూఫ్‌లో ఒకరింట్లో వంట చేసేకి వచ్చినాది. నాయన్ని ఆయమ్మే పిలిపిచ్చుకున్నాది."

టీ గ్లాసులు తెస్తున్న బాబాయి కొడుకు గుమ్మంలోనే ఆగిపోయాడు. అడిగిన పెద్దమనిషే మళ్లీ, "ఎంతమందికి వండేదిబ్బా?" అన్నాడు, గొంతు తగ్గించి.

రంజాన్ నెలలో ఆ ఇంటికే కాదు, వీధి వీధికీ ఆమె వండింది పోయేదని తమ్ముడు చెప్పాడు. తను మొదటిసారి ఈ దేశం వచ్చేనాటికి ఆ ఇంటివాళ్లు ఆమెను ఇంకా వంటకు పిలుస్తూనే ఉన్నారట. గిన్నె దించడానికి తనూ ఒక చెయ్యి వేశాడట. ఆ గిన్నె ఎంతుండేదో చూపించడానికి రెండు చేతులూ చాచాడు. అటూ ఇటూ కూర్చున్నవాళ్లు జరిగి చోటిచ్చారు. అతను ఇంకొంచెం చాచాడు.