గేటుపాసు జిరాక్సు

మెడలో గేటుపాసు ఉంటేనే సింహాద్రి ఒక మనిషి. పద్మనాభం చుట్టుపక్కల పల్లెల నుంచి గాజువాక వైపు ఇనప చువ్వల రోలింగ్ మిల్లుకి కాంట్రాక్టు పనికి వెళ్ళే జట్టంతా అంతే. షిఫ్టు దిగినా పాసు తియ్యరు. పెళ్ళి భోజనాల్లో కూడా అది చొక్కా మీద వేలాడాల్సిందే.

రెండువేల ఎనిమిది ఎండాకాలంలో జట్టులోని పోలిరాజు రెండు వేళ్ళు రోలర్ల మధ్య నలిగిపోయాయి. కాంట్రాక్టరు మేనేజరు గంగాధరరావు, పోలిరాజు ఇంటి దగ్గర తాటిచెట్టు మీంచి పడ్డాడని కాగితం రాయించాడు, నష్టపరిహారం ఇవ్వక్కర్లేకుండా. సింహాద్రి కాక చూసినవాళ్ళు ముగ్గురున్నారు. మర్నాడు అందరూ మామూలుగానే షిఫ్టుకి వెళ్ళారు.

మిల్లు గేటు దగ్గర ఒక బోర్డుండేది. కష్టసుఖాలు నేరుగా యజమానికే ఈమెయిలు చెయ్యండి, పేరు రాయనక్కర్లేదు అని. పదో తరగతి తప్పిన సింహాద్రి ఆ బోర్డుని నమ్మాడు. తగరపువలసలో బస్సు దిగి, నెట్ సెంటర్లో మూల కేబిన్ అడిగి, గడియ పెట్టుకుని, దొంగపేరుతో ఖాతా తెరిచి, పోలిరాజు వేళ్ళ సంగతి ఒక్కో అక్షరం వెతుక్కుంటూ గంటన్నర కొట్టి పంపాడు. సాక్షుల పేర్లు వేరే ఉత్తరంలో కొట్టి, జవాబొస్తే పంపుదామని ఆ ఖాతాలోనే దాచాడు. అంత జాగ్రత్త.

లోపలికి వెళ్ళేముందు మాత్రం నెట్ సెంటరు సాయిశంకర్ కార్డడిగాడు. పోలీసుల ఆర్డరట. సింహాద్రి మెడలోది తీసిచ్చాడు, కాస్త గర్వంగానే. సాయిశంకర్ దాన్ని జిరాక్సు తీసి, టైము రాసి, పుస్తకానికి పిన్ను కొట్టాడు.

యజమాని ఆ మెయిలుని అచ్చు తీయించి మేనేజరుకే పంపాడు. పైన తేదీ, టైము ఉన్నాయి. జట్టు దిగేది తగరపువలసలో. అక్కడున్నవి రెండే నెట్ సెంటర్లు. వారం తిరక్కుండా జిరాక్సు మేనేజరు బల్ల మీదుంది.

"పేరు రాయకుండా రాసినోడివి, పుస్తకానికి ఫొటో ఇచ్చొచ్చావేట్రా?" అన్నాడు గంగాధరరావు, నవ్వుతూనే.

పాసు తీసుకున్నాడు. ఆ ఖాతాలో ఇంకెవరున్నారో చూడాలి, రేపు పొద్దున్నకి పాస్‌వర్డు చెప్పమన్నాడు. చెప్పకపోతే, పనిలో చేరినప్పుడు తీసుకున్న రేషన్ కార్డు బీరువాలోనే ఉంటుందన్నాడు.

పేర్లు చెరిపేసి ఆ తర్వాత పాస్‌వర్డు ఇచ్చేస్తే సరి. సింహాద్రి తగరపువలస పరిగెత్తాడు. సాయిశంకర్ కార్డడిగాడు.

"మేనేజరు లాగేసుకున్నాడు బావా. పుస్తకంలో నా ఫొటో ఉన్నాది కదా."

"అది నువ్వేనని నాకు తెల్సు. ఏ రోజు కాగితం ఆ రోజుండాల. లేపోతే నా షాపు మూసేత్తారు."

అయిదు నిమిషాలు చాలన్నాడు సింహాద్రి. సాయిశంకర్ వేరేవాళ్ళ కార్డు జిరాక్సు తీసుకుంటూ తల ఎత్తలేదు. ఇంకో నెట్ సెంటర్లోనూ కార్డే అడిగారు.

మర్నాడు పొద్దున్న గంగాధరరావు కాగితం, పెన్ను ముందుకి తోశాడు. సింహాద్రి పెన్ను అందుకున్నాడు. ఇంట్లో బియ్యం డబ్బా గుర్తొచ్చింది.

"మరిసిపోనాను బాబూ," అన్నాడు.

రేషన్ కార్డు తిరిగి రాలేదు. కొత్తదాని కోసం ఏడాది తిరిగాడు. మార్కెట్లో మూటలు మోస్తున్నాడిప్పుడు. యజమాని ఏమన్నా జవాబిచ్చాడో లేదో చూడలేదు. ఆ ఖాతా మళ్ళీ తెరవలేదు.

ఆ ముగ్గురు సాక్షులూ మిల్లులోనే ఉన్నారు. వాళ్ళ పేర్లు ఎక్కడున్నాయో వాళ్ళకి తెలీదు. బస్సులో సింహాద్రి ఎదురుపడితే మెడలో పాసులు సర్దుకుని కిటికీలోంచి బయటికి చూస్తారు.