వేలంలో పాడుకున్న నూనె

నా చిన్నప్పుడు నేనాడిన అబద్ధాలన్నీ కుప్ప పోస్తే సండూరు కొండలు చిన్నబోతాయి. వాటిలో ఒక్కటి మాత్రం ఒకరి ప్రాణం మీదికి వచ్చింది.

మా చిన్నాయన దోణిమలై గనిలో ఇనుపరాయి మోసే పెద్ద లారీలు, డంపర్లు బాగుచేసేవాడు. చర్చిలో పంటల పండుగనాడు ఆవరణలో బాణలి పెట్టి మిరపకాయ బజ్జీలు వేసేవారు. చివర్లో గుమ్మడికాయలతో పాటు బాణలిలో మిగిలిన నూనెనూ వేలం వేసేవారు. దేవునికిచ్చింది పారబోయకూడదు కదా! ఏటా ఆ నూనెను చిన్నాయనే పాడుకునేవాడు. తారులా నల్లబడ్డ ఆ నూనెతోనే నెలంతా ఆయనకు వేపుళ్లు.

ఆ ఏడు నన్ను వెంటబెట్టుకుని, నూనె డబ్బా మోసుకుంటూ మా ఇంటి మిట్ట ఎక్కుతూ మూడుచోట్ల నిలబడిపోయాడు. చల్లగాలిలో కూడా చొక్కా తడిసి వీపుకు అంటుకుంది. ఎడమ దవడ నొక్కుకుంటూ, "వట్టి గ్యాసు పాపా, మీ అత్తకు చెప్పొద్దు" అన్నాడు. అత్త ఆయనకు అక్క, మిషన్ ఆసుపత్రిలో నర్సు.

ఇంట్లో అడుగు పెడుతూనే కథ అల్లేశాను. ఎలుగుబంటి మమ్మల్ని తరిమిందని, చిన్నాయన డబ్బా వదలకుండా పరుగెత్తాడని, అది నూనె వాసనకు లొట్టలు వేసిందని. అందరూ పడిపడి నవ్వారు. ఆయనా నవ్వాడు, నవ్వు నవ్వుకూ మధ్య నోరు తెరిచి గాలి అందుకుంటూ. అత్త నవ్వలేదు.

"అప్పా, డంపరు ఎత్తు ఎక్కేటప్పుడు నల్లపొగ కక్కుతాదే, ఎందుకు?" అని చిన్నాయనను అడిగింది.

"డీజిల్ ఎక్కువైపోయి, గాలి చాలక. కాలకుండా మిగిలింది లోపల మసి కడతాది. అట్లే తోలితే ఇంజను పట్టేస్తాది."

"నీ చేతికొస్తే ఏం చేస్తావు?"

"ఆడికాడే నిలిపేస్తా అక్కా. అడుగు కూడా తోలనియ్యను."

అత్త నా వైపు తిరిగింది. "ఏమే, ఎలుగు తరుముతాంటే మీ చిన్నాయన ఎన్నిసార్లు నిలబడినాడే?"

"మూడుసార్లు" అనేశాను.

"గ్యాసు..." అని ఆయన గొణిగాడు. "నోరు ముయ్యప్పా. నిలిపేస్తానని నువ్వే చెప్తివి కదా" అంటూ అత్త పక్కింటి జీపు పిలిపించింది.

దారిలో నన్ను దగ్గరికి లాక్కుని మెల్లగా చెప్పింది. గుండె తన పనికి కొవ్వునే ఎక్కువగా కాలుస్తుందట. దాని ప్రతి కణంలోనూ కంటికి కనబడని పొయ్యిలుంటాయట. కాల్చగలిగినదానికి మించి కొవ్వు వచ్చి పడితే, ఆ పొయ్యిలు ఒత్తిడికి ఉక్కిరిబిక్కిరై, తాము కక్కిన విషంతో తామే పాడైపోతాయట. రక్తనాళాల గోడలకూ కొవ్వు పేరుకుని, వాచి, చివరికి దారి మూసుకుపోతుందట. ఒక్కనాటి బజ్జీలతో కాదు, ఏళ్ల తరబడి, చప్పుడు లేకుండా. చిన్నాయన ముందు సీటులో కళ్లు మూసుకుని ఉన్నాడు. ఆయన మెడ మీద చెమట చుక్కలు జారుతుంటే చూస్తూ కూర్చున్నాను.

బతికాడు. కానీ గుండెలో ఒక పక్క కండ చచ్చిపోయిందని, అది మళ్లీ పుట్టదని డాక్టరు చెప్పాడు. ఆయన మళ్లీ డంపరు కిందికి దూరలేదు.

నేను కథ చెప్పి నవ్వించినంతసేపూ ఆ కండ చస్తూనే ఉంది. అబద్ధాలాడడం ఇప్పటికీ మానలేదు, మానను కూడా. కానీ నలుగురూ నవ్వుతుంటే వాళ్ల ముఖాలు ఒక్కొక్కటే వెతుకుతాను, ఎవరికి ఊపిరి అందడం లేదో అని.