ఆ ఫైల్‌కి పేరు పెట్టింది నేను

సింహాచలం లేడట.

నిన్న పొద్దున వాళ్ల తమ్ముడు ఫోన్ చేసి చెబితే "ఏ సింహాచలం?" అన్నాను. నిజంగానే అడిగాను. మనవాడే అని తట్టనే లేదు.

పూండి స్టేషన్లో పలాస ట్రైన్ కోసం నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడట. హార్ట్ ఎటాక్. నలభై కూడా నిండలేదు.

తెలియనివాళ్లకి చెబుతున్నా. టెక్కలిలో ఇంజినీరింగ్ చదివినప్పుడు నా బెంచ్‌మేట్. తర్వాత పలాసలో ఇద్దరం కలిసి చిన్న కంప్యూటర్ షాపు పెట్టాం. జీడిపప్పు ఫ్యాక్టరీలకి సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లం.

మా ఇద్దరికీ ఎప్పుడూ ఒకటే గొడవ.

కంప్యూటర్‌కి ఏ పరికరం తగిలించినా ఆపరేటింగ్ సిస్టమ్ దానికో ఫైల్ పుట్టిస్తుంది. ప్రోగ్రామ్ ఆ ఫైల్ ద్వారానే పరికరంతో మాట్లాడుతుంది. మరి ఆ ఫైల్‌కి పేరెలా పెట్టాలి?

ముందు కనిపించినదానికి సున్నా, తర్వాతిదానికి ఒకటి. సిస్టమ్ ఇచ్చే ఆ పేర్లు చాలని నేను.

కాదు, పరికరం సీరియల్ నంబర్ చూసి, ఎప్పటికీ మారని పేరు మనమే రాసిపెట్టాలని వాడు.

"సెన్సార్ పాడై కొత్తది వేస్తే ఆ పేరు దొరకదు. పనాగిపోద్ది. ఓనర్ తిడతాడు బావా" అన్నాను.

"ఆగిపోనీ బావా. ఆగితే తిట్లే. తప్పు సెప్తే మనిసి సచ్చిపోతాది."

నవ్వేశాను. కోడ్ నా చేతిలో ఉంది. నాకు నచ్చినట్టే రాశాను.

ఒక ఫ్యాక్టరీలో రెండు బోర్మాలు, అంటే పప్పు ఆరబెట్టే వేడి గదులు. గదికో టెంపరేచర్ సెన్సార్. రెండూ ఒకే కంప్యూటర్‌కి.

ఓ మధ్యాహ్నం ప్రింటర్ బాగుచేయడానికి ఇద్దరం అక్కడే ఉన్నాం. కరెంటు పోయి వచ్చింది.

కాసేపటికి మాడు వాసన.

స్క్రీన్ మీద రెండో బోర్మా ఎర్రగా వెలుగుతోంది. మొదటిది చల్లగా ఉందని చూపిస్తోంది.

"రెండోది ఆపండి!" అని అరిచాను.

అప్పటికే అక్కడ పనిచేసే నీలవేణి అక్క ట్రేలు తేవడానికి మొదటి గది తలుపు తియ్యబోతూ చెయ్యి చాచింది. స్క్రీన్ చల్లగా ఉందంటోంది కదా!

"పేర్లు మారిపోనాయి బావా!"

సింహాచలం పరుగెత్తి ఆమెని భుజం పట్టి లాగేశాడు. ఆ లాగడంలో వాడి మోచేయి ఇనుప తలుపుకి తగిలి చర్మం ఊడింది. అలాగే వెళ్లి మెయిన్ స్విచ్ దించేశాడు.

అప్పుడర్థమైంది. ఈసారి రెండో సెన్సార్ ముందు లేచింది. మొదటి పేరు దానికి వెళ్లిపోయింది. ఖాళీగా ఉన్న రెండో గది చల్లదనం చూసి, మొదటి గదికి నా ప్రోగ్రామ్ వేడి పెంచుతూ పోయింది. లోపల పప్పంతా బొగ్గు. చెక్క అరలు రాజుకుంటున్నాయి.

ఓనర్ వచ్చాడు. "ఎవుడ్రా రాసింది ఇది?"

నేను ప్రింటర్ కేబుల్ సర్దుతున్నట్టు వంగాను.

"ఇద్దరం కలిసే రాసినామండి. తప్పు ఇద్దరిదీ" అన్నాడు సింహాచలం, కాలిన చెయ్యి వెనక్కి పెట్టుకుని.

తర్వాత వాడు చెప్పినట్టే మార్చాను. కానీ ఆ రోజు గురించి వాడు ఒక్కసారి కూడా ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఇన్నేళ్లు.

నిన్న పూండిలో వాళ్లింటికి నీలవేణి అక్క వచ్చింది. "ఈ బాబులిద్దరూ నన్ను బతికించినారు" అని అందరికీ చెబుతోంది.

ఇక నా వల్ల కాలేదు. "అక్కా, ఆ తప్పు నాది. వాడు వద్దనే అన్నాడు" అన్నాను, అందరి ముందూ.

అక్క నా వైపు తిరిగింది.

"తెల్సు బాబూ. ఆ దినమే నీ మొకం సూసినాను."

అంతే అంది. వెళ్లి వాడి కాళ్ల దగ్గర కూర్చుంది.

వెళ్లిరా బావా. నా తప్పులో సగం మోశావు. ఇక ఏ బరువూ లేకుండా హాయిగా నిద్రపో.