రేకుల బడి, మట్టి మిద్దె

ఆ ఆఫీసరు నా అర్జీ చదవలేదు. కరెంటు పోతే దాన్నే మడిచి విసురుకున్నాడు. ఏడేళ్లయింది. నేను మరిచిపోలేదు.

అందులో నేను అడిగింది మా ఊరి బడికి మంచి కప్పు. ధర్మవరం దగ్గర పట్టుచీరలు నేసేవాళ్లం మేము. బడి రెండు గదుల మీదా రేకులే. మార్చి వస్తే లోపల కూర్చోలేరు. ఫ్యాను వేస్తే సెగ ముఖానికి కొడుతుంది. నా కూతురు ఐదో తరగతిలో లెక్కలు చేస్తూ ఉండగానే ముక్కులోంచి రక్తం కారింది. అయ్యవారు తడిగుడ్డ వేసి ఇంటికి పంపించారు. ఆ నెలలో అది మూడోసారి.

మా మగ్గం ఇంటికి మట్టి కప్పిన మిద్దె, మందపాటి గోడలు. ఎండు గాలికి పట్టుపోగులు తెగుతాయని మా తాత అలా కట్టించాడు. ఆ సంగతే ఆఫీసరుకు చెప్పాను.

"పోగులకే ఇంత చూసుకుంటామే సార్, పిల్లోళ్లకు వద్దా? రేకులు తీసేసి మందం గోడలు, పైన సున్నం, రెండు పక్కలా కిటికీలు పెట్టి కట్టండి. ఎండ ఏటేటికీ ఎక్కువైతాంది. సర్కారు కట్టకుంటే ఇంకెవరు కడతారు?"

"పిల్లోళ్లేమన్నా పట్టుపోగులా ఏమప్పా, తెగిపోయేదానికి?" అన్నాడు. గదిలో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

ఆ కోపంలో పాపను బడి మాన్పించాను. "ఎండలు తగ్గేదాకా ఈడే కూచో" అన్నాను. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని నా పక్కనే చల్లగా కూర్చునేది. నన్ను చూసి మిగతా నేతవాళ్లూ పిల్లల్ని మగ్గాల దగ్గరే ఉంచుకున్నారు. కప్పు వేసేదాకా ఎవరూ పంపొద్దని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది కూడా నేనే. అట్లయినా కడతారనుకున్నాను.

మరుసటి ఏడు కొత్త ఆఫీసరు వచ్చాడు. ఆయనకు ఏసీ గది. చలువ పోతుందని, నన్ను గడప బయటే నిలబెట్టి తలుపు సందులోంచి మాట్లాడాడు.

"రిజిస్టర్ చూసినా. వేసవిలో బడికి ఒక్కరూ రాలేదు. పిల్లోళ్లు లేని బడికి నిధులు ఎట్లడగాలప్పా?"

బడికి తాళం పడింది. పిల్లల్ని పక్క ఊరి బడిలో కలిపారు. అక్కడా రేకులే. వెళ్లమని పాపను బతిమాలాను.

"వద్దు నాయనా. ఈడ సల్లగా ఉండాది. నేసేది కూడా వచ్చేసింది" అంది.

నిజమే, వచ్చేసింది. ఇప్పుడు అంచు నాకంటే బాగా తీస్తుంది. చూసినవాళ్లు మెచ్చుకుంటే నేను లేచి బయటికి పోతాను.

ఇప్పుడు పక్క ఊరి బడి కోసం అర్జీలు పెడుతున్నాను. పోయిన సోమవారం కొత్తగా వచ్చిన గుమాస్తా కాగితం తీసుకుని, మర్యాదగానే అడిగాడు: "మీ పాప ఏ తరగతి అన్నా?"

"ఐదు" అన్నాను.

బిడ్డకు పదిహేడేళ్లు.