కరుణక్కకి నేను చెప్పిన అబద్ధం

నిన్న మధ్యాహ్నం మామాకి గంజి తాగిస్తుంటే ఫోన్ వచ్చింది. కరుణక్క రూమ్మేట్ సునీత.

"దుర్గా, కరుణ పోయింది."

ఏ కరుణ అని అడిగాను.

నాకు తెలిసిన కరుణ ఒక్కతే.

డ్యూటీకి బయల్దేరి లిఫ్ట్ దగ్గర కూలబడిపోయిందట. గుండె. నలభై ఆరేళ్ళు.

ఫోన్ పెట్టేసి, మామా మూతి తుడిచి, మిగిలిన గంజి తాగించాను. ఇంకేం చేయాలో తెలియలేదు.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. కరుణక్క హోమ్ కేర్ నర్సు. రాజోలు వైపు మనిషి. మంచం పట్టిన ముసలివాళ్ళని వాళ్ళ ఇళ్ళకే వెళ్ళి చూసేది. ఇక్కడ గల్ఫ్‌లో, మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో నేను పనిచేసే ఇంటికి వారానికి రెండుసార్లు వచ్చేది. మామా అంటే ఈ ఇంటి పెద్దావిడ. ఆవిడని కడగడం, తినిపించడం, రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం నా పని. తిప్పినప్పుడల్లా చార్టులో టిక్కు పెట్టాలి.

ఒకరోజు ఇంటినిండా చుట్టాలు. పొద్దుట్నుంచీ వంటింట్లోనే సరిపోయింది. మామాని తిప్పలేదు. అక్క వచ్చే టైమ్ అవుతోందని గబగబా మూడు టిక్కులు కొట్టేశాను.

అక్క చార్టు చూసింది. తర్వాత మామా వీపు చూసింది. దుప్పటి మడతలు ఒంటిమీద ఎర్రగా అచ్చుపడి ఉన్నాయి.

"ఎవరే తిప్పింది? దెయ్యమా?"

నేను దుప్పటి మడతలు సరిచేయబోయాను.

"ఖాళీగా వదిలెయ్యవే తల్లీ. ఖాళీ గడి చూత్తే నేనొచ్చి తిప్పుతాను. నువ్వు టిక్కెట్టావనుకో, బాగానే ఉందిలే అని ఎల్లిపోతాను. ఆ ముసల్దాని ఒళ్ళు పుండైపోద్ది."

మేడమ్‌కి చెప్పి ఉంటే ఆ రోజే నా పని ఖలాస్. చెప్పలేదు. నాతో కలిసి మామాని తిప్పింది. భుజం కింద ఒక చెయ్యి, తుంటి కింద ఒక చెయ్యి ఎలా పెట్టాలో చూపించింది.

"చెయ్యి బాగుందే నీది. నర్సింగ్ చదవకూడదా?"

నేను నవ్వాను. పదో తరగతితో ఆపేసినదాన్ని. ఇంగ్లీషు కూడా మందుల డబ్బాల్లో ఉండే కాగితాలు చదివి నేర్చుకున్నదే.

అక్క నవ్వలేదు.

ఓపెన్ ఇంటర్‌కి కట్టించింది. రెండేళ్ళు వెంటపడి చదివించింది. పోయినేడాది పాసయ్యాను.

ఆవిడ సలహాలు ఏ కాలేజీ వాడి బ్రోషర్‌లోనూ దొరకవు. నర్సింగ్ చదవాలనుకునే ఆడపిల్లలు ఎవరైనా ఇది చూస్తుంటే రాసుకోండి.

"బిల్డింగు చూడకే. పిల్లల్ని ఏ ఆసుపత్రికి పంపుతున్నారో అడుగు. పొద్దున్నే ఎల్లి ఆ గేటు కాడ నిలబడు. యూనిఫారాలు లోపలికెల్తే అది కాలేజీ. లేదంటే అది కొట్టు."

నర్సింగ్ కౌన్సిల్ లిస్టులో ఈ ఏడాది కాలేజీ పేరు ఉందో లేదో నువ్వే చూసుకో, గోడకి ఫ్రేము కట్టిన కాగితాన్ని నమ్మకు అనేది. ఎముకల పేర్లు నీ ఒంటిమీద నొక్కుకుంటూ నేర్చుకో అనేది. మొదటి శవాన్ని చూసిన వారం అందరికీ పారిపోవాలనిపిస్తుందట. "ఆ వారం ఏమీ తేల్చుకోకు. పై వారం ఆలోచించు" అనేది.

జీఎన్ఎం అనే మూడేళ్ళ నర్సింగ్ కోర్సులో ముప్పై ఐదేళ్ళు దాటితే తీసుకోరు, గుర్తుందా అని మాటమాటకీ పొడిచేది. నాకు ఇరవై ఎనిమిది.

నర్సుల మీద మన గ్రూపుల్లో తిరిగే కుళ్ళు జోకులు నాకు తెలుసు. నిన్నటినుంచి ఏడుపు బొమ్మలు పెడుతున్నవాళ్ళలో కొందరు వాటికి పగలబడి నవ్వినవాళ్ళే. సెలవు రోజున కూడా బీపీ చూడమని ఆమె గది తలుపు కొట్టినవాళ్ళే. మీ బొమ్మలు మీ దగ్గరే ఉంచుకోండి.

అయినా మిమ్మల్ని తిట్టే మొహమా నాది?

ఈ ఏడాది అడ్మిషన్లు మొదలైనప్పుడు అక్క అడిగింది, తను చదివిన నర్సింగ్ స్కూల్‌కి అప్లై చేశావా అని.

"చేసేశానక్కా" అన్నాను.

చేయలేదు.

పదిహేడేళ్ళ పిల్లల పక్కన కూర్చుని ఫెయిలైతే? ఊళ్ళో నవ్వితే? అదే వారం మేడమ్ ఇంకో రెండేళ్ళు ఉండమంది. వీసా రెన్యువల్‌కి సంతకం పెట్టేశాను. అక్క అడిగినప్పుడల్లా లిస్టు ఇంకా రాలేదని చెప్పాను.

పోయిన వారం వచ్చినప్పుడు ఆ సంగతే ఎత్తలేదు. హమ్మయ్య అనుకున్నాను. వెళ్తూ వెళ్తూ, బూట్లు వేసుకున్నాక గుమ్మంలో ఆగింది.

"ఏవన్నా చెప్పాలా నాకు?"

"ఏం లేదక్కా."

"సరే. ఉంటానే మరి."

నిన్న ఫోన్లో సునీత మిగతాది చెప్పింది. నా పేరు కాస్త చూడమని అక్క ఆ స్కూల్లో తన పాత టీచర్‌కి ఫోన్ చేసిందట. అప్లై చేసినవాళ్ళలో ఆ పేరే లేదని పది రోజుల కిందటే జవాబు వచ్చిందట.

"నేనే దుర్గనడిగేత్తాను, నంబరియ్యి అన్నానే. వద్దంది. భయపడుంటదిలే, అదే చెప్పుద్ది, కంగారుపెట్టకు అంది."

అంటే ఆ రోజు గుమ్మంలో అన్నీ తెలిసే ఆగింది.

చెప్పి ఉంటే తిట్టేది. తిట్టి, ఆ ఫారం ఇటు తే అనేది. అంతే కదా. అంతకంటే ఏం జరిగేది?

ఇవాళ పొద్దున మేడమ్‌కి చెప్పాను, వచ్చే అడ్మిషన్లకి ఇంటికి వెళ్ళిపోతానని. "సంతకం పెట్టావుగా" అంది. పెట్టాను, అయినా వెళ్తాను అన్నాను. మొహం మాడ్చుకుంది. మాడ్చుకోనీ. పంపుతుందో లేదో తెలియదు. అడగడం మాత్రం అయింది.

కరుణక్కా, నేను అప్లై చేయలేదు. భయమేసింది. నీతో అబద్ధం ఆడాను.

ఇక ఎవరింటి బెల్లూ కొట్టక్కర్లేదు నువ్వు. బూట్లు విప్పేసి పడుకో. నీ కాళ్ళకీ నీ మనసుకీ శాంతి దొరకాలి.