పాత ఊరి రాళ్ళు

నేను డ్రైవరుగా చేసే ఇల్లు ఈ అరబ్బు దేశంలో, అల్ రువైస్‌ అనే ఊళ్ళో, చేపల రేవుకు దగ్గర. ఆ ఇంటి పెద్దాయనను అందరం బాబా అంటాం. శుక్రవారం పొద్దున ఆయనను ఆయన పుట్టిన ఊరికి తీసుకుపోవడం నా పని. ఊరంటే ఇప్పుడు మనుషులు లేరు. సముద్రం ఒడ్డున కప్పుల్లేని గోడలు, ఒక మసీదు, అంతే.

నాది ఐదో తరగతి చదువు. ఆ ఊరి చరిత్ర ఎవరైనా రాశారో లేదో తెలియదు. పక్క సీట్లో కూర్చుని సగం అరబ్బీ, సగం హిందీ కలిపి బాబా చెప్పిందే నాకు తెలుసు. సముద్రపు రాయి పగలగొట్టి తెచ్చి, మట్టితో కట్టుకున్న ఇళ్ళట. ఎండలు ముదిరితే మగవాళ్ళు ముత్యాల కోసం పడవలెక్కేవారు. వాళ్ళు తిరిగొచ్చేదాకా ఊరంతా ఆడవాళ్ళు, పిల్లలు, మేకలు. ఒక ఏడు పడవెక్కిన బాబా తండ్రి మళ్ళీ దిగలేదు. తల్లి వలలు అల్లి పిల్లల్ని సాకింది. తర్వాత బావి నీళ్ళు ఉప్పెక్కాయి. రువైస్‌లో కుళాయి వచ్చింది, కరెంటు వచ్చింది, బడి వచ్చింది. ఒక్కో ఇల్లూ కదిలింది. కట్టె దొరకని దేశం కదా, తలుపులూ దూలాలూ కూడా ఊడదీసుకుని పోయారు. ఆ గోడల మీద కప్పులు లేనిది అందుకే.

బాబా తల్లి మాత్రం ఆ ఊళ్ళోనే ఉండిపోయింది. మసీదు వెనక ఇసుక నేలలో ఆమెను పూడ్చారు. వాళ్ళు సమాధి కట్టరు, పేరు రాయరు. తలవైపు జానెడు రాయి, కాళ్ళవైపు జానెడు రాయి. నాకు అన్నీ ఒక్కలాగే కనబడేవి. బాబా మాత్రం ఎవరి మీదా కాలు పడకుండా వరసల మధ్య ఒద్దికగా నడిచి, నేరుగా ఒకచోట ఆగి, సలాం చెప్పి, చాలాసేపు మాట్లాడుకునేవాడు. అన్నదమ్ములు పోయారు. కొడుకులు ఎప్పుడూ వెంట రాలేదు. ఆమె ఎక్కడుందో తెలిసినవాడు ఆయనొక్కడే మిగిలాడు.

మొన్నటి చలికాలం ఒక కాంట్రాక్టరు ఆ పాత ఊరి చుట్టూ కంచె వేసే పని మొదలుపెట్టాడు. ఆ శుక్రవారం మేము వెళ్ళేసరికి మసీదు వెనక నేల చదునుగా ఉంది. గోడ చాటున పొగ. బాబా కర్ర పట్టుకుని దిగేలోపు నేను ముందు పోయి చూశాను. పనివాళ్ళు మా జగిత్యాల దిక్కువాళ్ళే. మూడు రాళ్ళ మీద చాయ్ కాస్తున్నారు.

"రా అన్నా, చాయ్ తాగు. షేక్ బండి నడిపెటోళ్ళకు మా చాయ్ నోటికి పడుతదో లేదో మరి," అని మేస్త్రీ నవ్వాడు.

"ఈ రాళ్ళు ఏడివి?"

"గా జాగలయే. ఎన్కటి ప్లాట్ల హద్దురాళ్ళు. సాఫ్ చెయ్యుమన్నరు, అన్ని పీకి కుప్ప వోసినం."

"హద్దురాళ్ళు కావురా. అవి బొందలు."

మేస్త్రీ గ్లాసు కింద పెట్టాడు. "పేరు లేకపాయె, గద్దె లేకపాయె. బొంద అని ఎట్ల తెల్వాలె అన్నా?"

మా ఊళ్ళో పొలాల మూలమూలనా హద్దుకు పాతేవీ అలాంటి రాళ్ళే.

ఈలోగా బాబా వచ్చాడు. నేలను చూశాడు, పొయ్యిని చూశాడు. ఎవరో గబగబా కెటిల్ దించి నిప్పు మీద నీళ్ళు పోశారు. బాబా కుప్ప దగ్గర కూర్చుని, ఒక్కో రాయీ తిప్పి చూసి పక్కన పెట్టాడు. మేస్త్రీ ఉండబట్టలేక ఒక రాయి తీసుకుపోయి, గడ్డపారతో గుంత చేసి నిలబెట్టాడు.

"ఈడనే ఉండె అని చెప్పన్నా. ముసలాయన పాణం నిమ్మళమైతది."

"నిజంగ ఈడనేనా?"

"యాడ యాదికుంటది అన్నా? పొద్దంత పీకుడే ఉండె."

ఏమంటున్నాడని బాబా నన్ను అడిగాడు.

"తెలియదంటున్నాడు బాబా."

బాబా ఆ కాంట్రాక్టరుకు ఒక్క ఫోన్ చేస్తే వాళ్ళందరి పని పోయేది. అందరూ ఆ భయంతోనే నిలబడ్డారు. బాబా ఫోన్ తీయలేదు. పొయ్యి రాళ్ళ మసి మాత్రం తన తలగుడ్డతో తుడిచాడు. లేచి, అడుగు వేయబోయి ఆగాడు. కాలు గాల్లోనే ఉంది. నా భుజం పట్టుకుని, వచ్చేటప్పుడు ఇసుకలో పడిన తన అడుగుల మీదే మళ్ళీ అడుగులు వేసుకుంటూ బండి దాకా నడిచాడు.

ఇప్పటికీ శుక్రవారం వెళతాం. బండి రోడ్డు మీదే ఆపమంటాడు. అద్దం దించి, ఆ నేలకంతటికీ కలిపి ఒకటే సలాం చెబుతాడు. ఒకసారి నేను తలుపు తీసి, "దిగు బాబా, నేను పట్టుకుంటా," అన్నాను.

"కాలు ఎక్కడ పెట్టమంటావు?" అన్నాడు.

తలుపు వేసేశాను.